విండోస్ 11 అప్‌గ్రేడ్ ఆగాలి, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డీటీపీ (కంప్యూటర్‌లో పేజీల కంపోజింగ్) పనికి వాడే ల్యాప్‌టాప్, ఎనిమిదో తరం ఐ5, విండోస్ 10 హోమ్. తెలుగు టైపింగ్‌కు అను స్క్రిప్ట్ మేనేజర్, పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్, ఒక పాత ప్రింటర్ దాని మీదే నడుస్తున్నాయి. ఆన్ చేసినప్పుడల్లా స్క్రీన్ నిండా పరుచుకుని విండోస్ 11 కి రమ్మంటోంది. సర్వీసెస్ (తెర వెనక నడిచే ప్రోగ్రాముల జాబితా) లోకి వెళ్లి విండోస్ అప్‌డేట్‌ను డిసేబుల్ చేస్తే నాలుగు రోజులకు అదే మళ్లీ ఆన్ అయింది. ఇది రాకుండా ఎలా?

ఆపవచ్చు. కాని సర్వీసును ఆపడం దానికి దారి కాదు. అది ఎందుకు పనిచేయదో ముందు చెబుతాను, ఎందుకంటే యూట్యూబ్‌లో పదికి తొమ్మిది వీడియోలు ఆ పనే చేయమంటాయి.

విండోస్ అప్‌డేట్ ఒక్క సర్వీసు కాదు. దానికి కాపలాగా విండోస్ అప్‌డేట్ మెడిక్ సర్వీస్ అని ఇంకొకటి ఉంటుంది. పాడైన అప్‌డేట్ భాగాలను బాగుచేయడమే దాని పని. మీరు డిసేబుల్ చేసినదాన్ని అది ‘పాడైంది’ అనుకుని సరిచేస్తుంది. వీటితో పాటు అప్‌డేట్ ఆర్కెస్ట్రేటర్ కూడా షెడ్యూల్ ప్రకారం లేచి పని చూసుకుంటుంది. ఒకవేళ మూడింటినీ నొక్కిపెట్టగలిగినా నష్టం మీకే. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి ఏ యాప్ దించబోయినా 0ఎక్స్80070422 అన్న ఎర్రర్ వస్తుంది. సర్వీసు డిసేబుల్ అయి ఉంది అని దాని అర్థం. అన్నిటికంటే ముఖ్యంగా నెలనెలా రావాల్సిన సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోతాయి. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు రోజుకు ఇరవై గుచ్చే డీటీపీ మెషీన్‌లో ప్యాచ్‌లు ఆపడం చాలా ప్రమాదం. పెళ్లి కార్డు ఫైలుతో పాటు ఏం వస్తుందో ఎవరికీ తెలియదు.

కాబట్టి రెండు రకాల అప్‌డేట్లను విడదీసి చూడండి. నెలలో రెండో మంగళవారం వచ్చేవి క్వాలిటీ అప్‌డేట్లు. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పది గంటలకు వదులుతారు, అంటే మనకు కాలాన్ని బట్టి రాత్రి పదిన్నర లేదా పదకొండున్నర. బుధవారం పొద్దున షాపు తెరిచేసరికి వచ్చి కూర్చుంటాయి. వీటివల్ల విండోస్ వెర్షన్ మారదు. విండోస్ 11 వచ్చేది ఫీచర్ అప్‌డేట్ రూపంలో. మనం అడ్డుకోవాల్సింది ఈ రెండోదాన్ని మాత్రమే, దానికి మైక్రోసాఫ్టే ఒక పాలసీ, అంటే విండోస్ పాటించాల్సిన నియమం, ఇచ్చింది.

దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. విండోస్ 10 కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14 తో ముగిసింది. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అనే పథకంలో పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు ప్యాచ్‌లు ఇస్తామని చెప్పారు. అందులో చేరకుండా అప్‌గ్రేడ్‌ను మాత్రమే ఆపుకుంటే కొత్త ప్యాచ్ ఒక్కటీ రాని పాత మెషీన్ మిగులుతుంది. అందుకే ముందు నమోదు, తర్వాతే తాళం.

నమోదుకు సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, విండోస్ అప్‌డేట్ పేజీకి వెళ్లండి. ‘ఎన్‌రోల్ నౌ’ అన్న లింకు కనబడాలి. కనబడకపోతే రన్ బాక్సులో (విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వస్తుంది) విన్‌వర్ అని ఇంగ్లీషులో కొట్టి చూడండి. 22హెచ్2, బిల్డ్ 19045 అని లేకపోతే ముందు 22హెచ్2 కి రావాలి. విండోస్ 10 లో అదే చివరి వెర్షన్. అడ్మినిస్ట్రేటర్ అకౌంటుతో లాగిన్ అయి ఉండాలి. చేరడానికి మూడు మార్గాలు: మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సైన్ ఇన్ అయి సెట్టింగులు సింక్ చేస్తే ఉచితం, వెయ్యి మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు ఇవ్వవచ్చు, లేదంటే 30 డాలర్లు, లేదా దానికి సమానమైన స్థానిక కరెన్సీలో కట్టవచ్చు. ఏ దారిలో చేరినా నమోదుకు మైక్రోసాఫ్ట్ అకౌంటు కావాలి. ఒకే అకౌంటు కింద పది కంప్యూటర్ల దాకా చేర్చుకోవచ్చు కాబట్టి షాపులో మూడు సిస్టమ్‌లుంటే మూడుసార్లు డబ్బు కట్టకండి. ఆఫీసు డొమైన్‌లో చేరి ఉన్న కంప్యూటర్లకు ఈ ఇంటి పథకం వర్తించదు.

చేరాక ప్యాచ్‌లు నిజంగా వస్తున్నాయా అన్నది కూడా విన్‌వర్‌లోనే తెలుస్తుంది. అందరికీ ఉచితంగా ఇచ్చిన చివరి నెలవారీ అప్‌డేట్ 2025 అక్టోబర్‌ది, దాని బిల్డ్ 19045.6456. చుక్క తర్వాతి అంకె 6456 దాటి నెలనెలా పెరుగుతుంటే మీకు కొత్త ప్యాచ్‌లు అందుతున్నట్టే. పెరగకుండా ఆగిపోయి ఉంటే నమోదు పూర్తి కాలేదన్నమాట.

ఇక తాళం సంగతి. ప్రో ఎడిషన్ ఉన్నవాళ్లకు సులువు. రన్‌లో జీపీఎడిట్ డాట్ ఎంఎస్‌సీ కొట్టి, కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపోనెంట్స్, విండోస్ అప్‌డేట్, విండోస్ అప్‌డేట్ ఫర్ బిజినెస్ వరకు దిగండి. ‘సెలెక్ట్ ద టార్గెట్ ఫీచర్ అప్‌డేట్ వెర్షన్’ తెరిచి ఎనేబుల్డ్ పెట్టండి. మొదటి గడిలో విండోస్ 10 అని, రెండో గడిలో 22హెచ్2 అని ఇంగ్లీషులో నింపండి. ఒక్క గడే కనిపిస్తే మీ పాలసీ టెంప్లేట్లు పాతవని అర్థం. అప్పుడు హోమ్ వాళ్లలాగే రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) దారి పట్టండి.

హోమ్ ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉండదు. అదే పాలసీని రిజిస్ట్రీలో చేత్తో రాయాలి. రన్‌లో రెజ్‌ఎడిట్ అని ఇంగ్లీషులో కొట్టి తెరవగానే ముందు ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కి ఒక కాపీ దాచుకోండి. తర్వాత హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్ వరుసగా తెరవండి. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు: ‘పాలసీస్’ను వదిలేసి సాఫ్ట్‌వేర్ కింద నేరుగా ఉన్న మైక్రోసాఫ్ట్‌లోకి వెళ్లిపోతారు. పేర్లు ఒకేలా ఉంటాయి, అక్కడ రాస్తే ఏ ప్రభావమూ ఉండదు. విండోస్ కింద విండోస్‌అప్‌డేట్ అనే కీ లేకపోతే రైట్ క్లిక్, న్యూ, కీ నొక్కి ఆ రెండు మాటలూ కలిపి, మధ్య ఖాళీ లేకుండా, ఇంగ్లీషులో పేరు పెట్టండి.

ఆ కీ లోపల మూడు వాల్యూలు ఉండాలి. మొదటిది ప్రొడక్ట్‌వెర్షన్, ఇది స్ట్రింగ్ రకం, అందులో విండోస్ 10 అని రాయాలి. రెండోది టార్గెట్‌రిలీజ్‌వెర్షన్, ఇది 32 బిట్ డీవర్డ్, విలువ 1. మూడోది టార్గెట్‌రిలీజ్‌వెర్షన్‌ఇన్ఫో, మళ్లీ స్ట్రింగ్, అందులో 22హెచ్2. మీ విండోస్ 64 బిట్ అయినా డీవర్డ్ 32 దే ఎంచుకోవాలి. 64 బిట్ కదా అని క్యూవర్డ్ పెడితే అది చదవదు. వాల్యూల పేర్లలో ఎక్కడా ఖాళీ ఉండకూడదు, కాని లోపల రాసే ‘విండోస్ 10’ లో 10 కి ముందు ఖాళీ ఉండి తీరాలి. ఇంకొకటి, ప్రొడక్ట్‌వెర్షన్ వాల్యూను మానేయవద్దు. 22హెచ్2 అనే పేరు విండోస్ 10 లోనూ ఉంది, విండోస్ 11 లోనూ ఉంది. ఏ విండోస్ అన్నది చెప్పేది ఆ మొదటి వాల్యూ ఒక్కటే.

రీస్టార్ట్ చేశాక విండోస్ అప్‌డేట్ పేజీలో కొన్ని సెట్టింగులు మీ సంస్థ చేతిలో ఉన్నాయని ఎర్రక్షరాల్లో కనబడుతుంది. కంగారు పడకండి, ఎవరూ హ్యాక్ చేయలేదు. పాలసీ పేరుతో ఏ వాల్యూ ఉన్నా విండోస్ ఆ మాటే చెబుతుంది. దాని కింద ‘వ్యూ కాన్ఫిగర్డ్ అప్‌డేట్ పాలసీస్’ నొక్కితే మీరు పెట్టిన టార్గెట్ వెర్షన్ పాలసీ జాబితాలో ఉండాలి. లేకపోతే పేర్లలో అక్షరం తప్పు పడిందన్నమాట. ఎప్పుడైనా విండోస్ 11 కి వెళ్లాలనిపిస్తే ఆ మూడు వాల్యూలూ డిలీట్ చేసి రీస్టార్ట్ చేస్తే చాలు.

రిజిస్ట్రీలో చేయి పెట్టడం భయమనిపిస్తే స్టీవ్ గిబ్సన్ రాసిన ఇన్‌కంట్రోల్ అనే చిన్న ఉచిత టూల్ ఉంది. ఇన్‌స్టాల్ అక్కర్లేదు. వెర్షన్ గడిలో 10, రిలీజ్ గడిలో 22హెచ్2 పెట్టి ‘టేక్ కంట్రోల్’ నొక్కితే ఈ మూడు వాల్యూలనూ అదే రాస్తుంది. గిబ్సన్ రీసెర్చ్ సొంత సైటు నుంచే దించుకోండి. విండోస్ 11 ఆపుతామంటూ టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే బ్యాచ్ ఫైళ్లలో చాలావరకు విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ను కూడా ఆపేస్తాయి. వాటి జోలికి వెళ్లవద్దు.

హోమ్ విషయంలో ఒక మాట దాచకూడదు. ఈ పాలసీ ప్రో, ఎడ్యుకేషన్, ఎంటర్‌ప్రైజ్‌ల కోసమే అని మైక్రోసాఫ్ట్ రాసుకుంది. హోమ్‌కు హామీ లేదు. అందుకే మీ ల్యాప్‌టాప్‌కు ఇదొక్కటే చాలదు, రెండో గొళ్లెం కూడా వేయాలి. అన్నిటికంటే గట్టి పరిష్కారం అంటారా, లైసెన్సు కొని హోమ్‌ను ప్రోగా మార్చుకోవడం. అందులో ఫైళ్లు, ప్రోగ్రాములు కదలవు, 22హెచ్2 అలాగే ఉంటుంది. దుకాణం నడిచేది ఆ మెషీన్ మీదే అయితే అది దండగ ఖర్చు కాదు.

రెండో గొళ్లెం ఏమిటంటే, విండోస్ అప్‌డేట్ పేజీలో విండోస్ 11 సిద్ధంగా ఉందని కనిపించే చోట ‘డౌన్‌లోడ్ అండ్ ఇన్‌స్టాల్’ పక్కనే ‘స్టే ఆన్ విండోస్ 10 ఫర్ నౌ’ అనే చిన్న లింకు ఉంటుంది. దాన్ని నొక్కండి. మామూలుగా విండోస్ 11 దిగడం మొదలయ్యేది మీరు అంగీకరించినప్పుడే. ప్రమాదమల్లా ఆ స్క్రీన్ నిండా వచ్చే ప్రకటనతోనే. పెద్ద నీలం బటన్ ఎప్పుడూ అంగీకారానిదే ఉంటుంది. వద్దనే మాట కింద ఒక మూలన చిన్న అక్షరాల్లో, ‘కీప్ విండోస్ 10’ అనో ‘డిక్లైన్ అప్‌గ్రేడ్’ అనో ఉంటుంది. ఒక్కోసారి వద్దన్నాక కూడా రెండో స్క్రీన్, మూడో స్క్రీన్ వస్తాయి. ప్రతిదాన్నీ చదివి నొక్కాలి. షాపులో పనిచేసే కుర్రాడికి ఇది ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేసేది అతనే.

ఆ ప్రకటనలు తగ్గాలంటే సెట్టింగ్స్, సిస్టమ్, నోటిఫికేషన్స్ అండ్ యాక్షన్స్‌లో కిందికి వెళ్లి మూడు టిక్కులు తీసేయండి: అప్‌డేట్ల తర్వాత వెల్‌కమ్ ఎక్స్‌పీరియన్స్ చూపించమనేది, డివైజ్ సెటప్ పూర్తిచేసే మార్గాలు సూచించమనేది, టిప్స్, ట్రిక్స్, సజెషన్స్ ఇమ్మనేది. తర్వాత యాప్స్ జాబితాలో పీసీ హెల్త్ చెక్ ఉంటే తీసేయవచ్చు. విండోస్ 11 ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్ కనబడితే తప్పక తీసేయండి. ఇది ముఖ్యం, ఎందుకంటే మనం పెట్టిన పాలసీ విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చేదాన్నే ఆపుతుంది. ఎవరైనా ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్ నడిపినా, విండోస్ 11 ఇన్‌స్టలేషన్ డిస్క్ కాపీ అయిన ఐఎస్ఓ ఫైలు తెరిచి సెటప్ నొక్కినా అది అడ్డుకోదు. ఆ పనులకు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలి కాబట్టి రోజువారీ పనికి స్టాండర్డ్ యూజర్ అకౌంటు పెట్టి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. రిపేరుకు ఇచ్చినప్పుడు ‘విండోస్ మార్చవద్దు’ అని బిల్లు మీదే రాయించండి.

ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్ వాడేవాళ్లకు మీటర్డ్ కనెక్షన్ కూడా ఉపయోగమే. వైఫై ప్రాపర్టీస్‌లో ‘సెట్ యాజ్ మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేస్తే పెద్ద డౌన్‌లోడ్లు వాటంతట అవి మొదలవవు. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్యాక్ మీద కొన్ని జీబీల ఫీచర్ అప్‌డేట్ దిగితే మధ్యాహ్నానికే డేటా ఖాళీ. అయితే ఇది పక్కా అడ్డు కాదు. అత్యవసరమని మైక్రోసాఫ్ట్ భావించినవి దిగుతూనే ఉంటాయి, ఇంకో వైఫైకి మారగానే ఈ సెట్టింగు వర్తించదు. పైగా నెలవారీ ప్యాచ్‌లు కూడా ఆగుతాయి కాబట్టి నెలకోసారి మీరే నొక్కి దించుకోవాలి. ‘పాజ్ అప్‌డేట్స్’ అనే బటన్ కూడా ఉంది. అది గరిష్ఠంగా 35 రోజులు. తర్వాత ఉన్నవన్నీ ఇన్‌స్టాల్ చేసేదాకా మళ్లీ పాజ్ కానివ్వదు. అర్జెంటు ప్రింటింగ్ ఉన్న వారంలో వాడుకోవడానికి అది మంచిదే, అంతకుమించి దానిమీద ఆధారపడకండి.

బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెటప్) టీపీఎం అనే భద్రతా చిప్‌ను ఆపేస్తే కంప్యూటర్ విండోస్ 11 కి అర్హం కాదని తేలి అడగడం మానేస్తుంది కదా అని చాలామంది సలహా ఇస్తారు. ఆ తర్కం నిజమే. విండోస్ 11 కి టీపీఎం 2.0 కావాలి. ఇంటెల్ బోర్డుల్లో అది పీటీటీ అనీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనీ ఉంటుంది. కాని డ్రైవ్‌లోని సమాచారాన్ని రహస్య లిపిలో దాచే బిట్‌లాకర్ గాని, డివైజ్ ఎన్‌క్రిప్షన్ గాని ఉంటే టీపీఎం ఆపిన మరుక్షణం బూట్‌లో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అవగానే మీకు తెలియకుండానే ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండవచ్చు. ఆ కీ దొరక్కపోతే డ్రైవ్‌లోని పనంతా పోయినట్టే. ముఖం, వేలిముద్ర, పిన్ లాగిన్‌లూ పనిచేయవు. పైన చెప్పిన పాలసీ ఉండగా ఈ సాహసం అవసరమే లేదు. చేసి తీరుతానంటే ముందు మైక్రోసాఫ్ట్ అకౌంటు పేజీలో రికవరీ కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోండి.

ఈలోగా ఎవరో నొక్కేశారు, డౌన్‌లోడ్ అయిపోయింది, రీస్టార్ట్ కోసం ఎదురుచూస్తోంది అనుకోండి. రీస్టార్ట్ చేయకండి, పవర్ మెనూలో ‘అప్‌డేట్ అండ్ షట్‌డౌన్’ కూడా నొక్కకండి. ముందు ఏడు రోజులకు పాజ్ చేయండి. సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్ రెండింటినీ స్టాప్ చేయండి, డిసేబుల్ వద్దు. సీ డ్రైవ్, విండోస్ ఫోల్డర్‌లో సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ కింద ఉన్న డౌన్‌లోడ్ ఫోల్డర్ లోపలివన్నీ తుడిచేయండి. ఆ తర్వాత డిస్క్ క్లీనప్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘టెంపరరీ విండోస్ ఇన్‌స్టలేషన్ ఫైల్స్’ టిక్ పెట్టి తీసేయండి; సెటప్ తెచ్చిపెట్టుకున్న గిగాబైట్లన్నీ దాచిన ఫోల్డర్‌లో ఉండేవి అవే. తాళం వాల్యూలు పెట్టి, అప్పుడు రీస్టార్ట్ చేయండి. ఒకవేళ రీస్టార్ట్ అయిపోయి శాతాలు లెక్కపెట్టడం మొదలైతే మాత్రం పవర్ పీకవద్దు. పూర్తి కానివ్వండి, వెనక్కి వచ్చే దారి ఉంది.

విండోస్ 11 వచ్చి కూర్చున్నాక పది రోజుల్లోపు సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ‘గో బ్యాక్’ నొక్కితే పాత విండోస్ 10 తిరిగి వస్తుంది. అది వచ్చేది సీ డ్రైవ్‌లోని విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్ నుంచి. జాగా కోసమని ఆ ఫోల్డర్ తుడిస్తే గో బ్యాక్ బూడిద రంగులోకి మారిపోతుంది, ఇక క్లీన్ ఇన్‌స్టాలే గతి. పది రోజులు చాలవనుకుంటే, ఆ గడువులోనే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్మ్ కమాండ్‌కు ఆన్‌లైన్, సెట్-ఓఎస్‌అన్‌ఇన్‌స్టాల్‌విండో, వాల్యూ:60 అనే మూడు స్విచ్‌లు ఇంగ్లీషులో, ఒక్కోదాని ముందు ఏటవాలు గీతతో ఇస్తే అరవై రోజులకు పెరుగుతుంది. వెనక్కి వెళ్లేముందు రెండు చూసుకోండి: అప్‌గ్రేడ్ తర్వాత వేసిన ప్రోగ్రాములు పోతాయి; అప్‌గ్రేడ్‌కు ముందున్న పాస్‌వర్డ్ గుర్తుండాలి. వెనక్కి రాగానే మొదటి పని తాళం వేయడం, లేకపోతే వారం తిరక్కుండా అదే ప్రకటన మళ్లీ వస్తుంది.

పాలసీ పెట్టినా ఒక బ్యాకప్ తీసి ఉంచుకోండి. ఎందుకంటే, 2025 ఏప్రిల్‌లో ఇంట్యూన్ (ఆఫీసు కంప్యూటర్లను ఒకే చోట నుంచి నడిపే మైక్రోసాఫ్ట్ సేవ) తో నడిచే కొన్ని కంప్యూటర్లకు అడ్డు పాలసీ ఉండగానే విండోస్ 11 వెళ్లింది. తమ కోడ్‌లో లోపమని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. మీకు కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ అండ్ రిస్టోర్, విండోస్ 7 అని పేరున్న పాత టూల్ ఇప్పటికీ ఉంది. దాన్లో ‘క్రియేట్ ఎ సిస్టమ్ ఇమేజ్’తో ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉన్న బయటి హార్డ్ డిస్క్ మీదకు మొత్తం సిస్టమ్ తీసి పెట్టుకోండి. అను, పేజ్‌మేకర్, ప్రింటర్ డ్రైవర్ అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా దొరుకుతాయి.

మీ సిస్టమ్ 32 బిట్ విండోస్ 10 అయితే ఈ గొడవే లేదు. విండోస్ 11 లో 32 బిట్ లేనే లేదు, 32 నుంచి 64 కు నేరుగా అప్‌గ్రేడ్ కావడం కుదరదు. డాస్ కాలపు 16 బిట్ లెక్కల ప్రోగ్రాము నడిపేవాళ్లు 32 బిట్‌ను వదలకపోవడానికి కారణం ఇదీ. 64 బిట్ విండోస్ ఏదీ వాటిని నడపదు.

పొడిగింపు గడువు ముగిశాక ఏం చేయాలన్నది ఇప్పుడే ఆలోచించుకోండి. విండోస్ 10 ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 అనే ప్రత్యేక ఎడిషన్‌కు 2032 జనవరి 13 దాకా సపోర్టు ఉంది, కాని అది పరికరాలు తయారుచేసే కంపెనీలకు ఇచ్చే లైసెన్సు. ఆన్‌లైన్‌లో కొద్దిపాటి డబ్బుకు అమ్మే కీలు నమ్మదగ్గవి కావు. మీ ల్యాప్‌టాప్ హార్డ్‌వేర్ విండోస్ 11 కి సరిపోతుంది కాబట్టి వేరే ఎస్ఎస్‌డీ కొని, పాతది విప్పి పక్కన పెట్టి, కొత్తదానిలో విండోస్ 11 వేసి అను, పేజ్‌మేకర్, ప్రింటర్ మూడూ తీరిగ్గా పరీక్షించండి. ఒక తెలుగు పేజీ టైప్ చేసి, ఒత్తులు, దీర్ఘాలు సరిగ్గా పడుతున్నాయో ప్రింటు తీసి చూడాలి. స్క్రీన్ మీద బాగున్నవి కాగితం మీద విరిగిపోవచ్చు. మూడింటిలో ఏదైనా నడవకపోతే పాత డిస్క్ తిరిగి బిగించి, ఆ మెషీన్‌కు నెట్ తీసేసి కంపోజింగ్‌కు, ప్రింటుకు మాత్రమే ఉంచండి. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు, మెయిల్, వాట్సాప్ వేరే కంప్యూటర్‌లో తెరిచి స్కాన్ చేసి, షాపుకు సొంతంగా పెట్టుకున్న ఒకే ఒక్క పెన్‌డ్రైవ్‌తో ఫైళ్లు ఇటు తెచ్చుకోవాలి.